ఖాళీ డబ్బాని ఉండనివ్వండి

ఏప్రిల్ 3 నుంచి 21 దాకా మా ప్రాజెక్టు టెలిగ్రామ్ గ్రూపులో రోజూ పొద్దున్న ఏడింటికి ఒకే మెసేజ్ పడింది: "బ్యాకప్ ఓకే". పంపేది నేను రాసిన స్క్రిప్టు. మా బ్యాచ్‌లో మొత్తం నలుగురం. ఒకడు థంబ్ పెట్టేవాడు, మిగతా ఇద్దరూ చూసి వదిలేసేవారు. ఆ 19 రోజుల్లో ఒక్క రోజు కూడా బ్యాకప్ జరగలేదు.

తప్పు నాది. ఆ సంగతి గ్రూపులో ఆ రోజే ఒప్పుకున్నాను, ఒప్పుకునేదాకా వాళ్ళు వదల్లేదు కూడా. ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, ఆ తప్పు వెనకాల ఒక మెయిల్ ప్రోగ్రాంలోని చిన్న సెట్టింగ్ ఉంది. దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఏర్పడింది. సాహిత్య క్లబ్ పత్రికలో ఈ లైనక్స్ గోలేంట్రా అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. గొడవంతా 'ఖాళీ' అనే మాటకీ 'లేదు' అనే మాటకీ మధ్యనే.

ముందు కథ. మా ఫైనలియర్ ప్రాజెక్టు హాస్టల్ ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం కొలవడం. ట్యాంకు మూత కింద ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, దానికో ఈఎస్‌పీ32 బోర్డు. ఐదు నిమిషాలకోసారి నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో ల్యాబ్ సర్వర్‌కి పంపుతుంది. సర్వర్‌లో మా అకౌంటుకి కోటా తక్కువ. అందుకని అక్కడ ఏడు రోజుల రీడింగులు మాత్రమే ఉంచి, అంతకన్నా పాతవాటిని చెరిపేసేలా పెట్టాం. అసలు నిల్వంతా ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్కులో. రాత్రి రెండింటికి క్రాన్ లేచి, ఆర్‌సింక్‌తో రీడింగులని ఆ డిస్కులోకి కాపీ చేస్తుంది. కాపీ అయిందో లేదో చూసుకుని పాతవి చెరిపేయాలన్న బుద్ధి అప్పట్లో నాకు లేదు, అది వేరే సంగతి.

క్రాన్‌కి ఒక మంచి అలవాటుంది. తను నడిపిన ప్రోగ్రాం ఏదైనా ప్రింట్ చేస్తే, దాన్ని ఆ యూజర్‌కి మెయిల్ చేస్తుంది. ఇంటర్నెట్ దాటి ఎక్కడికో పోదు, అదే మెషీన్‌లో మన పేరు మీద ఉన్న మెయిల్‌బాక్స్‌లో పడుతుంది. మా ఆర్‌సింక్ సవ్యంగా నడిస్తే ఏమీ ప్రింట్ చేయదు కాబట్టి మెయిలూ రాదు. ఎర్రర్ వస్తేనే ఉత్తరం. ఆ ఉత్తరాలని ప్రాక్‌మెయిల్ ఏరి, 'బ్యాకప్' అనే పేరున్న వేరే మెయిల్‌బాక్స్ ఫైలులో వేసేది. కోటా గొడవ వల్ల ఆ ఫైలుని కూడా యూఎస్‌బీ డిస్కులోనే పెట్టాను. (నవ్వుకునేవాళ్ళు ఇక్కడ నవ్వుకోండి. డిస్కుకి ఏమైనా అయితే ఆ కబురు చెప్పే ఉత్తరం కూడా అదే డిస్కులో పడాలన్నమాట.)

ఆ మెయిల్ చదవడానికి నేను వాడేది మట్. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన ప్రోగ్రాం, టెర్మినల్‌లో నడుస్తుంది. మౌస్ లేదు, బొమ్మల్లేవు, కీబోర్డే దిక్కు. ఎస్ఎస్‌హెచ్‌లో సర్వర్‌కి వెళ్ళి మెయిల్ చూసుకోవాలంటే ఇంతకన్నా హాయైనది నాకు దొరకలేదు. దాని కాన్ఫిగరేషన్ అంతా హోం డైరెక్టరీలోని డాట్ మట్‌ఆర్‌సీ అనే ఒక్క ఫైలులో ఉంటుంది. మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఒక సీనియర్ అన్న దగ్గర వంద లైన్ల పైన ఉన్న ఫైలుంటే మొత్తం ఎత్తుకొచ్చి పెట్టుకున్నాను. రంగులు బాగున్నాయి. అంతకుమించి చదవలేదు.

అందులో ఒక లైను 'అన్‌సెట్ సేవ్ ఎంప్టీ'. సేవ్‌కీ ఎంప్టీకీ మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది. ఆ లైను ఏం చేస్తుందో చెప్పాలంటే మెయిల్‌బాక్స్ ఫైలు ఎలా ఉంటుందో చెప్పాలి. పాత యూనిక్స్ పద్ధతిలో, ఎంబాక్స్ అంటారు, మెయిల్‌బాక్స్ మొత్తం ఒకటే టెక్స్ట్ ఫైలు. ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి అతికించి ఉంటాయి. ప్రతి ఉత్తరమూ 'ఫ్రమ్' అనే మాటా, దాని తరవాత ఒక స్పేసూ ఉన్న లైనుతో మొదలవుతుంది. ఫైలుకంటూ విడిగా తల లేదు, తోక లేదు. ఉత్తరాలన్నీ తీసేస్తే మిగిలేది సున్నా బైట్లు. అలా సున్నా మిగిలినప్పుడు ఫైలుని ఏం చేయాలి? ఉంచాలా, డిలీట్ చేయాలా? మట్‌లో సేవ్ ఎంప్టీ సెట్ అయి ఉంటే ఉంచుతుంది. అన్‌సెట్ చేస్తే, ఆ మెయిల్‌బాక్స్‌ని మూసేటప్పుడు ఫైలునే తీసేస్తుంది. మెయిల్ నేరుగా వచ్చి పడే స్పూల్ ఫైలుని మాత్రం ఏ సెట్టింగ్‌లోనూ ముట్టుకోదు. మట్ మామూలుగా సెట్ అయ్యే వస్తుంది. మా అన్న ఎందుకు మార్చుకున్నాడో నేను అడగలేదు. ఫోల్డర్ల లిస్టులో ఖాళీవి కనిపించడం అతనికి చిరాకేమో.

ఇప్పుడు నా స్క్రిప్టు. మొదట రాసినప్పుడు అది రెండు ప్రశ్నలు అడిగేది. బ్యాకప్ అనే ఫైలు ఉందా? ఉంటే దాని సైజు సున్నా కన్నా ఎక్కువా? ఫైలే లేకపోతే "మెయిల్‌బాక్స్ కనపడట్లేదు" అని, సైజు ఎక్కువుంటే "ఎర్రర్లు వచ్చాయి" అని, ఫైలుండి సున్నా ఉంటే "బ్యాకప్ ఓకే" అని చెప్పేది. ఎప్పుడో ఒకసారి ఆర్‌సింక్ ఎర్రర్ వచ్చేది. నేను మట్‌లో చదివి, డిలీట్ కొట్టి బయటికొచ్చేవాణ్ణి. మట్ ఫైలు తీసేసేది. మర్నాడు ఏడింటికి స్క్రిప్టు "మెయిల్‌బాక్స్ కనపడట్లేదు" అని గగ్గోలు పెట్టేది. మూడోసారి ఇలా జరిగింది మిడ్ ఎగ్జామ్ రోజు. రూమ్మేట్ నిద్రలేచి ఫోన్ చూసి, "ఒరేయ్, నీ స్క్రిప్టుకి పిచ్చెక్కిందిరా, ఏదోటి చెయ్" అన్నాడు. చేశాను. మొదటి ప్రశ్న తీసేశాను.

మిగిలింది షెల్‌లో హైఫన్ ఎస్ టెస్టు ఒక్కటే. ఫైలు ఉండి, దాని సైజు సున్నా కన్నా ఎక్కువైతే అది అవును అంటుంది. ఫైలు ఖాళీ అయితే కాదు. ఫైలే లేకపోయినా కాదు. రెండింటికీ ఒకటే జవాబు.

ఏప్రిల్ 2 సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. సర్వర్ మళ్ళీ లేచేసరికి యూఎస్‌బీ డిస్కు పేరు ఎస్‌డీబీ నుంచి ఎస్‌డీసీకి మారింది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నేను యూయూఐడీ రాయకుండా పాత పేరే రాసి పెట్టాను, పక్కన నోఫెయిల్ కూడా పెట్టాను. కాబట్టి డిస్కు దొరక్కపోయినా సర్వర్ ఏ గోలా లేకుండా మామూలుగా లేచింది. డిస్కు మౌంట్ అవలేదు. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ ఫెయిలైంది. క్రాన్ ఉత్తరం రాసింది. ప్రాక్‌మెయిల్ దాన్ని వేయబోతే ఆ డైరెక్టరీయే లేదు, అందుకని తీసుకెళ్ళి నా మామూలు స్పూల్‌లో పడేసింది. పొద్దున్న ఏడింటికి స్క్రిప్టు లేచింది. బ్యాకప్ ఫైలు సైజు సున్నా కన్నా ఎక్కువా? కాదు. "బ్యాకప్ ఓకే."

19 ఉత్తరాలు స్పూల్‌లో అలా పేరుకున్నాయి. నిజానికి లాగిన్ అయిన ప్రతిసారీ టెర్మినల్ "మీకు కొత్త మెయిల్ ఉంది" అని చెప్తూనే ఉంది. మా ల్యాబ్‌లో ప్రతి మెషీనూ ఎప్పుడూ అదే మాట అంటుంది కాబట్టి ఆ లైను నా కళ్ళకి కనిపించడం ఎప్పుడో మానేసింది. 21న రూమ్మేట్ గ్రాఫ్ గీయడానికి పాత డేటా అడిగితే డిస్కు తెరిచి చూశాను. డిస్కు లేదు. సర్వర్‌లో చివరి ఏడు రోజులున్నాయి. ఏప్రిల్ 2 నుంచి 13 దాకా, 12 రోజులు పోయాయి.

సేవ్ ఎంప్టీ సెట్ అయి ఉండుంటే? ఎర్రర్లు చదివి తీసేసినా సున్నా బైట్ల ఫైలు అక్కడే ఉండేది. నా మొదటి ప్రశ్నకి తప్పుడు అలారాలు వచ్చేవి కావు, దాన్ని తీసేయాల్సిన అవసరమూ ఉండేది కాదు. డిస్కు ఊడిన మర్నాడు ఏడింటికే "మెయిల్‌బాక్స్ కనపడట్లేదు" అని వచ్చేది. ఒక్క రోజులో దొరికేది. యూయూఐడీ రాయకపోవడం, డబ్బాని అదే డిస్కులో పెట్టడం కూడా నా తప్పులే. కానీ వాటిని పట్టుకోగలిగిన ఒకే ఒక్క గుర్తుని ఆ లైను రోజూ చెరిపేస్తూ వచ్చింది.

కాబట్టి నా అభిప్రాయం: మెయిల్‌బాక్స్ ఖాళీ అయిందని ఏ ప్రోగ్రామూ దాన్ని తనంతట తాను తీసేయకూడదు. తీసేయడమే డిఫాల్టుగా ఉన్న ప్రోగ్రాం వాడుతుంటే, మొదటి రోజే మార్చుకోవాలి.

అలాంటి ప్రోగ్రాం ఉంది. మెయిల్ఎక్స్. దాని వంశం పాతది. 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే మెయిల్ అనే కమాండ్ ఉంది. 1978లో బర్క్‌లీలో కర్ట్ షోన్స్ ఇంకాస్త సౌకర్యంగా ఉండే మెయిల్ ప్రోగ్రాం రాశాడు, మెయిల్ఎక్స్ దాని వారసత్వమే. పోజిక్స్ ప్రమాణంలో దీనికి 'కీప్' అనే వేరియబుల్ ఉంది. అది సెట్ చేస్తే ఖాళీ అయిన మెయిల్‌బాక్స్‌ని సున్నాకి కుదించి ఉంచుతుంది, లేకపోతే తీసేస్తుంది. డిఫాల్టు నోకీప్. అంటే తీసేయడమే. మట్‌కి సరిగ్గా ఎదురు.

పాతవాళ్ళు తెలివితక్కువగా పెట్టారని నేననను. ఖాళీ డబ్బాని ఎప్పుడూ తీసేసే లోకంలో ఫైలు ఉందంటే మెయిల్ ఉన్నట్టే. తెరిచి చూడక్కర్లేదు, సైజు అడగక్కర్లేదు, ఉందా లేదా అంటే చాలు. ఆ లోకం దాని మటుకు దానికి పొందిగ్గానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఒక మెషీన్‌లో ఒకటే మెయిల్ ప్రోగ్రాం ఉండదు. ఉత్తరం వేసేది ఒకటి, ఏరేది ఒకటి, చదివేది ఇంకొకటి, పైన నాలాంటివాడి స్క్రిప్టు. ఫైలు లేకపోవడమంటే ఒకదానికి 'మెయిల్ లేదు', ఇంకోదానికి 'ఏదో పాడైంది'.

హెయిర్‌లూమ్ మెయిల్ఎక్స్ అనే రూపంలో దీన్ని రెండుగా విడగొట్టారు. స్పూల్ కోసం కీప్, మన సొంత ఫోల్డర్ల కోసం 'ఎంప్టీబాక్స్'. దాంతోపాటు వచ్చే కాన్ఫిగరేషన్ ఫైలులో రెండూ ఆన్ చేసే ఉంటాయి. మెయిల్ఎక్స్ వాడేవాళ్ళు తమ డాట్ మెయిల్ఆర్‌సీలో 'సెట్ కీప్' ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రాసుకోండి. అయిదు సెకన్ల పని. మట్ వాళ్ళు లోపల కోలన్ కొట్టి 'సెట్ సేవ్ ఎంప్టీ' అని టైప్ చేసి పక్కన ప్రశ్నార్థకం పెడితే ఇప్పుడు ఏముందో చెప్తుంది. మెయిల్‌డిర్ వాడేవాళ్ళకి ఈ బెంగ లేదు. అందులో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, ఫోల్డర్ అంటే డైరెక్టరీ, దాన్ని మట్ ఎలాగూ తీసేయదు.

నాది కేవలం స్క్రిప్టు బాధ. స్పూల్ విషయంలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. కొన్ని సిస్టమ్‌లలో మెయిల్ స్పూల్ డైరెక్టరీలో ఎవరైనా కొత్త ఫైలు పెట్టొచ్చు. స్టికీ బిట్ ఉంటుంది కాబట్టి ఒకరి ఫైలు ఇంకొకరు తీసేయలేరు, అంతే. ఇప్పుడు నా మెయిల్‌బాక్స్ ఖాళీ అయిందని ప్రోగ్రాం దాన్ని తీసేసిందనుకోండి. నా పేరుతో ఒక ఫైలుని ఇంకెవడైనా సృష్టించొచ్చు. ఓనరు వాడు, పేరు నాది. తరవాత వచ్చే ఉత్తరం అందులో పడితే వాడు చదువుకుంటాడు. ఇది కట్టుకథ కాదు. ఇలా వేరేవాళ్ళ పేరుతో ఫైలు పెట్టి మెయిల్ చదివే వీలున్న లోపాన్ని 2008లో పోస్ట్‌ఫిక్స్‌లో సరిదిద్దారు. అప్పటినుంచి ఫైలు ఓనరు ఎవరో చూసి, మెయిల్ ఎవరిదో వాళ్ళదే కాకపోతే అందులో వేయకుండా ఆపుతుంది. కీప్ ఎప్పుడూ పెట్టుకోమని హెయిర్‌లూమ్ మాన్యువల్ చెప్పేది కూడా ఈ కారణంతోనే.

అంటే సున్నా బైట్ల ఫైలు ఉత్తిదే కాదు. లోపల ఏమీ లేకపోయినా దానికో పేరుంది, ఓనరుంది, పర్మిషన్లున్నాయి, చివరిసారి ఎప్పుడు మారిందో టైముంది. ఆ చోటు ఎవరిదో అది చెప్తుంది. మా అమ్మ కందిపప్పు డబ్బా ఖాళీ అయితే కడిగి, మళ్ళీ అదే అరలో బోర్లించి పెడుతుంది. నెల సరుకుల చీటీ రాసేటప్పుడు అరల వంక చూస్తూ రాస్తుంది. డబ్బానే అటక మీద పడేస్తే చీటీలో కందిపప్పు ఉండదు. అంతెందుకు, మార్కుల మెమోలో సున్నాకీ ఏబీకీ తేడా మనకి ఒకరు చెప్పాలా? సున్నా అంటే మనిషి వచ్చాడు, కూర్చున్నాడు, ఏమీ రాయలేదు. ఏబీ అంటే మనిషే రాలేదు. ఫెయిల్ రెండూ ఫెయిలే. కానీ ఇంట్లో పడే తిట్లు వేరు.

ఎదుటివాదన నాకు తెలుసు. నెలకో ఫైలు చొప్పున మెయిల్ దాచుకునేవాళ్ళకి ఖాళీవి పేరుకుంటే లిస్టు చెత్తగా కనిపిస్తుంది. నిజమే. అలాంటివాళ్ళు అప్పుడప్పుడు సున్నా సైజు ఫైళ్ళని వెతికి చేత్తో తీసేసుకోవచ్చు, ఫైండ్ కమాండ్ ఉండనే ఉంది. మనిషి తెలిసి తీసేయడం వేరు, మూసే దారిలో ప్రోగ్రాం చప్పుడు కాకుండా తీసేయడం వేరు. చిరాకుని భరించొచ్చు, నాకు పోయిన 12 రోజులు తిరిగిరావు.

ఆ 12 రోజులు ఊరికే పోయిన రోజులు కావు. హాస్టల్‌లో నీళ్ళకి కటకట మొదలైంది సరిగ్గా అప్పుడే. రెండు సాయంత్రాలు ట్యాంకు పూర్తిగా ఎండిపోయింది, బకెట్లు పట్టుకుని పక్క బ్లాకుకి వెళ్ళింది మేమే. ప్రాజెక్టు మార్కుల సంగతి అలా ఉంచి, ఆ గ్రాఫ్ పట్టుకెళ్ళి హాస్టల్ కమిటీ ముందు పెట్టి వేసవికి అదనపు ట్యాంకర్లు అడుగుదామని మా ఆశ.

రూమ్మేట్ అన్నాడు, "మామా, ఆ గ్యాప్‌లో సున్నాలు పెట్టేద్దాం. ఎలాగూ నీళ్ళు రాలేదుగా."

చేయడం ఎంత తేలికో చెప్పలేను. డేటా లేని గడులని సున్నాలతో నింపడానికి పైథాన్‌లో ఒక్క లైను చాలు. గ్రాఫ్ నేల మీద పడుకుంటుంది. 12 రోజులు చుక్క నీరు లేదని కనిపిస్తుంది, కమిటీ కదులుతుంది. నేనూ ఒక రాత్రంతా ఊగిసలాడాను. ట్యాంకు ఎండిపోయినప్పుడు మా సెన్సర్ సున్నా అని పంపుతుంది, అది నిజమైన సున్నా. ఈ గడుల్లో ఉన్నది సున్నా కాదు, అక్కడ అసలు రీడింగే లేదు. నా స్క్రిప్టు 19 రోజులు చేసిన పనే ఇప్పుడు తెలిసి చేయాలి. ఒద్దన్నాను. వాడు రెండు రోజులు మాట్లాడలేదు.

గ్యాప్‌తోనే కమిటీకి వెళ్ళాం. అక్కడ ఒక సార్ గ్రాఫ్ చూసి, "ఈ రోజుల్లో రికార్డు లేదంటే ప్రాబ్లమ్ లేదనే కదా బాబూ" అన్నారు. వాడు నా వంక చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేను. సార్‌కి ఆ గ్యాప్ ఎందుకొచ్చిందో చెప్పాం. కరెంటు పోవడం దగ్గర్నుంచి మట్ దాకా. ఎంతవరకు ఎక్కిందో తెలీదు గానీ, మా దగ్గరున్న మిగతా రీడింగులు చూసి వారానికి రెండు ట్యాంకర్లు ఒప్పుకున్నారు. మేం అడిగింది నాలుగు. సున్నాలు పెట్టుంటే నాలుగూ వచ్చేవని వాడు ఇప్పటికీ అంటాడు. కావచ్చు.

రిపోర్టులో ఆ గ్రాఫ్ అలాగే ఉంది. 12 రోజుల చోట గీత తెగిపోయి, కింద చిన్నక్షరాల్లో "రీడింగులు పోయాయి" అని ఉంటుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్న దాని మీదే వేశారు, పది నిమిషాలు దాని మీదే గడిచింది. మిగతా ప్రాజెక్టు గురించి పెద్దగా అడగలేదు.

ప్రాజెక్టుని ఇప్పుడు థర్డియర్ వాళ్ళకి అప్పజెప్పాం. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ రాశాను. మెయిల్‌బాక్స్‌ని డిస్కు నుంచి హోంకి మార్చాను. అంటే డిస్కు ఊడినా ఉత్తరం చేరుతుంది. స్క్రిప్టులో తీసేసిన మొదటి ప్రశ్న మళ్ళీ పెట్టాను, మట్‌ఆర్‌సీలో ఆ లైను కొట్టేశాను. మొన్న వాళ్ళలో ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, హోంలో కోటా నిండుతోందని క్లీన్ చేస్తున్నా. బ్యాకప్ అని ఒక ఫైలుంది, సున్నా బైట్లు. తీసేయనా?"

చెప్పులేసుకుని వాళ్ళ రూముకి వెళ్ళాను.